నాయన చూపించిన తంగేడు

మొన్న ఆదివారం పొద్దున మా కోడలు కాఫీకి బదులు లేత పసుపు రంగు వేడినీళ్ల గ్లాసొకటి తెచ్చి నా చేతికిచ్చి, "అత్తా, ఇది ఆవారంపూ టీ. షుగరుకి మంచిదంట. కాఫీ మాట ఎత్తకుండా తాగండి" అంది. కాఫీ మానమనే వాళ్లందరి మీదా నాకుండే కోపం ఆమె మీదా వచ్చింది గానీ, గ్లాసు ముక్కు దగ్గరికి తెచ్చుకునేసరికి ఆ కోపం ఎటు పోయిందో తెలియలేదు. ఎండుగడ్డి వాసన, దాని అడుగున ఎక్కడో కొంచెం తేనె వాసన. వంటింట్లోంచి ఆమె తెచ్చి చూపించిన ప్లాస్టిక్ పొట్లంలో ముడుచుకుపోయిన గోధుమరంగు రేకులు, వాటి మధ్య అక్కడక్కడా విచ్చుకోని మొగ్గలు ఉన్నాయి. పొట్లం మీద అచ్చువేసిన బొమ్మలో మాత్రం పసుపు పూలు నిగనిగలాడుతున్నాయి. గ్లాసు చల్లారిపోయేదాకా అట్లాగే పట్టుకుని కూర్చున్నాను, తాగలేదు. రుచి నచ్చలేదేమో అనుకుని ఆమె మళ్లీ కాఫీ కలిపి తెచ్చింది, పాపం.

నా వయసు వాళ్లకు తంగేడు గురించి చెప్పడమంటే వాళ్లింటి దారి వాళ్లకే చెప్పడం. అయినా చెబుతాను, ఎందుకంటే ఇప్పటి పిల్లలు దాన్ని పొట్లాల్లోనే చూస్తున్నారు. మా ఇంట్లో తంగేడు అంటాం, వీధిలోకి దిగితే ఆవారం అంటాం. తమిళనాట ఈ రాజపాళయంలో మా తెలుగువాళ్ల బతుకంతా ఇట్లాగే, గడప లోపల ఒక మాట, గడప దాటితే ఇంకో మాట. తెలుగు అక్షరాలు మాకు బడిలో చెప్పలేదు, మా తాత వాకిట్లో ఇసుక పోసి దిద్దించాడు, అందుకే నా రాత కొంచెం పాతకాలపు రాతగా కనిపిస్తే సర్దుకోండి. సరే, తంగేడు మాట. నడుమెత్తు నుంచి మనిషెత్తు దాకా పెరిగే పొద అది, కొమ్మలు నేల దగ్గర నుంచే చీలి నాలుగు దిక్కులకూ పోతాయి, బెరడు ఎరుపు కలిసిన గోధుమరంగులో ఉంటుంది. ఒక ఈనెకు అటూ ఇటూ జంటలు జంటలుగా చింతాకు కంటే పెద్ద ఆకులు, కొసలు గుండ్రంగా. కొమ్మ చివర గుత్తులు గుత్తులుగా పూలు, ఒక్కో పువ్వుకు ఐదు రేకులు, పెట్టెలో మడిచిపెట్టిన పట్టుగుడ్డను అప్పుడే విప్పినట్టు సన్నని ముడతలతో ఉంటాయి. మధ్యలో పొడవువీ పొట్టివీ కలిసిన కేసరాలు. నల్ల తుమ్మెద వచ్చి వాలిందంటే ఆ బరువుకు పువ్వు మొత్తం కిందికి వంగి, అది లేచిపోగానే మళ్లీ పైకి లేస్తుంది, చిన్నప్పుడు నేను ఎంతసేపైనా చూస్తూ నిలబడేదాన్ని. పూలు రాలాక పల్చని కాయలు వేలాడతాయి, ఎండితే కాగితంలాగా అయిపోయి గాలికి గలగలమంటాయి.

దాని గుణం కూడా చెప్పాలి. నీళ్లు నిలిచే నేలలో అది బతకదు, నీడలో పూయదు. గులకరాళ్ల ఎర్రనేల, రోడ్డు వార, చేను గట్టు, ఎవరికీ పనికిరాదని వదిలేసిన మెట్ట, ఇవే దానికి ఇష్టం. మేకలు సైతం వాసన చూసి వదిలేస్తాయి. నాయనకు మంసాపురం పోయే దారిలో కొండ వైపున ఒక మెట్ట చేను ఉండేది. అందులో సగం పత్తి, మిగిలిన సగం రాళ్లూ తంగేడూ. ఎండాకాలం చేలో పనిచేసేవాళ్లు ఆ ఆకు తెంపి తలగుడ్డ కింద పెట్టుకునేవాళ్లు, చల్లగా ఉంటుందని. పూలు నీడలో ఎండబెట్టి, పెసలూ పసుపూ కలిపి దంచి, మా అవ్వ ఇంట్లో ఆడపిల్లలందరికీ ఒంటికి రుద్దేది, ఎన్నిసార్లు రుద్దినా నా నలుపు నలుపుగానే ఉండిపోయిందనుకోండి. పొంగలి పండక్కి ముందురోజు వేపాకు, పిండికూర పూల కంకి, తంగేడు పూల కొమ్మ కలిపి కట్టి ఇంటి చూరులో, చేను మూలల్లో కాప్పు అని పెట్టేవాళ్లం, ఇంటికీ పంటకూ ఏ కీడూ రాకూడదని. ఆ కొమ్మలు తేవడానికి అమ్మ మా పిల్లలను వెంటబెట్టుకుని చేనికి పోయేది. చేనంతా పూసి ఉన్నా, ఏ చెట్టు పూలైనా తెంపుకోనిచ్చేది గానీ, తూర్పు గట్టు పక్కన ఒంటరిగా ఉన్న ఒక చెట్టు జోలికి మాత్రం పోనిచ్చేది కాదు. దాని పూలు దాని మీదే వాడిపోవాలి.

ఆ చెట్టు కింద నాకొక తమ్ముడు ఉన్నాడు.

నాకప్పటికి ఆరో ఏడో ఏళ్లు ఉంటాయి. ఐప్పసి నెల, దీపావళి నాటి వానల్లో పుట్టి, పేరు పెట్టకముందే జ్వరమొచ్చి పోయాడు. నాకు గుర్తున్నదల్లా అవ్వ వాణ్ణి ఒక పాత తెల్ల పంచెలో చుట్టడం, చుట్టేటప్పుడు పిడికిలి ఒకటి బయటికి వచ్చేస్తే దాన్ని మళ్లీ లోపలికి సర్దడం. పళ్లు రాని బిడ్డను కాల్చరు, సొంత నేలలోనే పాతిపెడతారు, అది మా వాళ్ల ఆచారం. ఆడవాళ్లు వెంట పోకూడదు. నాయన, చిన్నాయన ఇద్దరూ గొడుగు కింద వాణ్ణి ఎత్తుకుని పోయారు, చీకటి పడ్డాక తడిసి ముద్దై తిరిగి వచ్చారు, వాకిట్లో నిలబడి నెత్తిన నీళ్లు పోసుకుని లోపలికి వచ్చారు. పచ్చి బాలెంతరాలైన అమ్మ లోపలి గదిలో గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నాయన ఆ గది గడప దగ్గర కొంచెంసేపు నిలబడ్డాడు, లోపలికి మాత్రం పోలేదు.

అమ్మ లేచి బయట తిరగడం మొదలుపెట్టాక మొట్టమొదట చేసిన పని చేనికి పోవడం. నేనూ వెంట పోయాను. వానలు వెలిసి తంగేళ్లన్నీ ఒక్కసారిగా పూసి ఉన్నాయి, మా మెట్ట మెట్టంతా పసుపుగా ఉంది. అమ్మ గట్టు మీద నిలబడి "ఏడ?" అని ఒక్క మాట అడిగింది. నాయన తూర్పు గట్టు పక్కనున్న చెట్టును చూపించి, "అదో, దాని మొదట్లో" అన్నాడు. అమ్మ పోయి దాని ముందు కూర్చుంది. ఏడ్చిందో లేదో నాకు తెలియదు, మా వైపు ఆమె వీపే కనిపించింది. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం నా చేయి పట్టుకుని నడుస్తూ, "ఆ చెట్టుకి చెవులుండాయి, చూసినావా" అంది. నాకేమీ అర్థం కాలేదు. తర్వాతెప్పుడో దగ్గర కూర్చోబెట్టుకుని చూపించింది, ప్రతి ఆకుకాడ మొదట్లోనూ చెవి తమ్మెల్లాంటి చిన్న ఆకులు జంటగా ఉంటాయి, పెద్దాకులు పండి రాలేదాకా రాలవు. మిగతా తంగేళ్లకూ అవి ఉంటాయి, అది నాకు కాలేజీలో చదువుకునేటప్పుడు గానీ తెలియలేదు.

అప్పటి నుంచి ఆమెకు అదొక అలవాటైపోయింది. పత్తి తీయడానికి పోయినా, గడ్డికి పోయినా, తిరిగి వచ్చే ముందు ఆ చెట్టు దగ్గర కూర్చుని మెల్లగా ఏదో మాట్లాడేది. ఇంట్లో ఎవరికి ఒళ్లు బాగాలేదు, ఆవు ఈనిందా లేదా, నేను బడిలో ఎవరితో కొట్లాడి వచ్చాను, ఇట్లాంటివే. మా అవ్వకు ఇది బొత్తిగా నచ్చేది కాదు. "పోయినదాన్ని పిలస్తా ఉంటే ఇంకొకటి ఎట్ల నిలస్తుంది" అని సణిగేది. అవ్వ మాట నిజమైందో ఏమో, ఆ తర్వాత మా ఇంట్లో మగబిడ్డ నిలవలేదు, నేనూ మా అక్కా మాత్రమే మిగిలాం. అవ్వను తప్పు పట్టను, ఆమె భయం ఆమెది.

ఆ రోజుల్లో తంగేడు పట్టె కొట్టేవాళ్లు ఊళ్ల మీద తిరిగేవాళ్లు. పట్టె అంటే బెరడు, తోళ్లు పదును చేయడానికి దాన్ని బండ్లకెత్తి పంపేవాళ్లు. పొదను నేల దగ్గర నరికి, కొమ్మల నుంచి బెరడు చీరి, కట్టలు కట్టేవాళ్లు, ఒలిచిన కర్రలు పొయ్యిలోకి. నేను ఏడో తరగతిలో ఉన్న ఏడాది వాళ్లు మా చేనికి వచ్చారు. నాయన సరేనన్నాడు, రాళ్ల సగంలో ఉన్న తంగేడంతా కొట్టుకోమన్నాడు, ఆ పూట తాను పత్తి ఎత్తుకుని టౌనుకు పోయాడు. ఏ చెట్టు వదలాలో వాళ్లకు చెప్పనే లేదు. ఆ సాయంత్రం నేనూ అమ్మా పోయేసరికి మెట్టంతా తెల్లని కర్రలు పడి ఉన్నాయి, పచ్చి బెరడు వగరు వాసన గొంతులో పట్టుకునేటట్టు ఉంది. తూర్పు గట్టు పక్కన జానెడు మోడు మిగిలింది. అమ్మ దాని ముందు కూర్చుని, చుట్టూ రాలిన ఆకులన్నీ ఏరి కొంగులో వేసుకుంది.

ఆ రాత్రి నుంచి ఆమె నాయనతో మాట్లాడటం మానేసింది. అరవలేదు, తిట్టలేదు, పుట్టింటికి పోతానని పెట్టె సర్దుకోలేదు. అన్నం వడ్డించేది, నీళ్లు పెట్టేది, మాట మాత్రం నా ద్వారా, అక్క ద్వారా. "మీ నాయన్ని సాంబారు కావల్లేమో అడగండి" అనేది, ఆయన ఎదురుగానే కూర్చుని ఉండేవాడు. రోజూ సాయంత్రం చిన్న బిందెలో నీళ్లు మోసుకుపోయి మోడుకు పోసేది. తంగేటికి నీళ్లు పోస్తే వేరు కుళ్లిపోతుందని అవ్వ అన్నా వినలేదు, ఒక రోజు నాయన తానే లేచి ఆ బిందె పట్టుకోబోతే ఆమె చేయి వదల్లేదు, ఇద్దరూ చెరొక వైపూ పట్టుకుని వాకిట్లో నిలబడిపోయారు. నేను గడపలో కూర్చుని చూశాను. చివరికి నాయనే వదిలేశాడు. అంత పెద్ద మనిషి కంట్లో నీళ్లు నేను చూడటం అదే మొదటిసారి. ఆ మోడు చిగురించకపోతే మా ఇంట్లో ఇక ఎవరూ ఎవరితోనూ మాట్లాడరేమోనని నాకు భయం పట్టుకుంది. బడికి పోతూ పోతూ దేవుడికి దండం పెట్టుకునేదాన్ని, పరీక్ష కోసం కాదు, మోడు కోసం.

చిగురించింది. తంగేడు మొండిది, నేల పైన ఎంత నరికినా వేరులో ప్రాణం దాచుకుంటుంది. వానలు పడ్డాక మోడు చుట్టూ ఎర్రని మొలకలు వచ్చాయి, అగ్గిపుల్లంత కూడా లేవు, అప్పుడే వాటి మొదట్లో జంట చెవులు. అమ్మ ఇంటికి వచ్చి, వాకిట్లో చెప్పులు కుట్టుకుంటున్న నాయన దగ్గర నిలబడి, "వచ్చినాది" అంది. నాయన తల ఎత్తకుండా "సరి" అన్నాడు. ఆ రాత్రి ఆమె ఆయనకు తానే అడిగి అడిగి వడ్డించింది.

తర్వాత కాలం ఎట్లా పరిగెత్తిందో మీకందరికీ తెలిసిందే. నాకు చదువొచ్చింది, సత్రపట్టిలో ఒక బడిలో సైన్సు టీచరుగా చేరాను, చాలా ఏళ్లు అక్కడే పనిచేశాను. పువ్వు భాగాలు చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మందారం కాకుండా తంగేడు కొమ్మే తీసుకుపోయేదాన్ని, కేసరాలన్నీ ఒకేలా ఉండవని, పైనున్న పొట్టి వాటిలో పుప్పొడి ఉండదని, ఆకు మొదట్లో చెవుల్లాంటి వాటిని ఏమంటారో బోర్డు మీద రాసి చెప్పేదాన్ని. బస్సు దిగి బడికి నడిచే దారి పొడుగునా అప్పుడు తంగేడే, ఎవరినీ అడగకుండా కోసుకోవచ్చు. మా నాయనకు ఊపిరితిత్తుల జబ్బు వచ్చి, మంచం పట్టింది నేను ఆ బడిలో ఉన్నప్పుడే. శనాదివారాలు పోయి దగ్గర కూర్చునేదాన్ని. ఒక మధ్యాహ్నం అమ్మ నిద్రపోతుంటే ఆయన నన్ను దగ్గరికి పిలిచి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటూ చెప్పాడు.

"ఆ దినం వాన అమ్మాయీ. పొద్దుగూకినాది. మీ చిన్నాయన తవ్వినాడు, నేను పెట్టినాను. పెట్టినాక ఎనక్కి తిరిగి చూడగూడదు అన్నారు, ఇద్దరమూ చూడలా. మీయమ్మ వచ్చి ఏడ అంటే ఏమని చెప్పేది? చేనంతా పూసిండాది, అన్నీ ఒకటే మాదిరి ఉండాయి. బాగా పూసిండే చెట్టు ఒకటి చూపించినాను."

పాతిపెట్టిన చోటు వెనక్కి తిరిగి చూస్తే పోయిన బిడ్డ వెంట వస్తాడని మా వాళ్ల నమ్మకం. ఆ నమ్మకం వల్లే నాయన గుర్తు పెట్టుకోలేదు, ఆడది పోకూడదన్న ఆచారం వల్లే అమ్మ చూడలేదు. పట్టె కొట్టేవాళ్లకు ఆ చెట్టు వదలమని ఎందుకు చెప్పలేదో కూడా నాకప్పుడే అర్థమైంది, అది వాడి చెట్టన్న నమ్మకం ఆయనకే లేదు. "మీయమ్మకి చెప్పొద్దు" అన్నాడు. చెప్పనన్నాను. నెల తిరగకుండానే పోయాడు. ఆయన చేయి పట్టుకుని కూర్చున్న ఆ మధ్యాహ్నం తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఏడుపొస్తుంది, అంత చిన్న అబద్ధాన్ని అన్నేళ్లు ఒంటరిగా మోశాడే అని.

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. మోకాళ్లు పట్టేశాక ఆటోలో తీసుకుపోయేదాన్ని. ఒకసారి చెట్టు ముందు తువ్వాలు పరిచి కూర్చోబెట్టాను, కాయలు ఎండి గలగలమంటున్నాయి. ఏమనుకుందో ఏమో, నా వైపు చూడకుండానే చెప్పింది, నాయన చెట్టు చూపించిన రోజు ఆ చెట్టు చూశాడని, ఈ చెట్టు చూశాడని, చివరికి తన ముఖం చూసి చేయి చాపాడని. "ఆయనకి తెలీదని అప్పుడే తెలిసిపోయినాది నాకు" అంది. మరి ఇన్నేళ్లు ఎందుకు వస్తున్నావమ్మా అని అడిగాను.

"ఒక చెట్టు కావల్ల కదా అమ్మాయీ. చేనంతటితో మాట్లాడేదానికి అవతాదా?"

మరి పట్టె కొట్టించినప్పుడు ఆయనతో ఎందుకు మాట్లాడకుండా ఉన్నావు అన్నాను. "తెలీకపోయినా నా కోసరం చూపించినాడు. చూపించినదాన్ని ఆయనే కాపాడల్ల. కాపాడలేదని కోపం" అని, తువ్వాలు మీద పడ్డ ఎండుటాకులు దులుపుకుంది. ఒకరికి తెలియదని ఒకరికి తెలిసి, ఆ సంగతి ఎప్పుడూ పైకి అనకుండా బతుకంతా కలిసి బతికారు వాళ్లిద్దరూ. ఇంటికి వచ్చేదాకా మేము వేరే ఏవో మాట్లాడుకున్నాం.

అమ్మ పోయాక చేను చిన్నాయన కొడుకుల చేతికి పోయింది, వాళ్ల నుంచి ఇంకెవరికో. దాని గురించి నేనెవరినీ అనలేను, పత్తి పండని రాళ్లనేలను ఎవరు పట్టుకుని కూర్చుంటారు. టీ తాగని రోజున ఇదంతా మా కోడలికి చెప్పాను, ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పనిది. మంగళవారం ఆమే ఆటో పిలిచి, "రండత్తా, పోయి చూసి వస్తాం" అంది.

పోకుండా ఉండాల్సింది అని దారిలోనే అనుకున్నాను. మంసాపురం దారిలో అటూ ఇటూ ఎక్కడ చూసినా ఇళ్ల స్థలాలే. మా మెట్టను యంత్రంతో గీకేసి బల్లపరుపుగా చేశారు, తెల్ల రంగు వేసిన రాళ్లు వరసగా పాతారు, ముందు ఒక పెద్ద కమాను కట్టారు. గట్టు లేదు. కాపలా ఉన్నాయన కుర్చీలోంచి లేచి వచ్చి మర్యాదగానే, "ఏ ప్లాట్ చూడాల పాట్టీ?" అని, అవ్వను పిలిచినట్టు, తమిళంలో అడిగాడు. ప్లాటు కాదు, ఒక చెట్టు చూడాలన్నాను. ఏ చెట్టు అన్నాడు. ఇంత వయసొచ్చి, ఇన్నేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి, ఆవారం అని మాత్రం అన్నాను. చెట్లన్నీ వేళ్లతో సహా పెకలించి పారేశామని అతనే చెప్పాడు, ఇళ్లు కట్టుకునేవాళ్లకు అడ్డం కదా అన్నాడు. వేరు మిగిలితే చిగురిస్తుందనే ఆశ నాకొకటి ఉండేది, ఎవరికీ చెప్పుకోని ఆశ, అది అక్కడితో పోయింది.

మా కాలంలో ఎంత బీదవాళ్లకైనా ఊరి చుట్టూ ఇంత పనికిరాని నేల ఉండేది. దున్నడానికి రాదు, అమ్మితే కొనేవాడు లేడు, అందుకే దాంట్లో తంగేడు పూసేది, బిడ్డ పోతే పెట్టుకునేందుకు చోటుండేది, ఒక తల్లి పోయి కూర్చుంటే ఎందుకు కూర్చున్నావని అడిగేవాడు ఉండేవాడు కాదు. ఇప్పుడు ప్రతి గజానికీ నంబరు ఉంది. మా తమ్ముడి మీద ఏ నంబరు పడిందో, ఎవరి వంటిల్లు వస్తుందో నాకు తెలియదు. ఎవరిదైనా కానీ, వాళ్ల పిల్లలు చల్లగా ఉండాలి.

ఆటో వైపు తిరిగి వస్తుంటే, యంత్రం గీకి ఒక పక్కకు నెట్టిన మట్టికుప్ప మీద మొలకలు కనిపించాయి. తంగేడు గింజ మీద పొట్టు గట్టిది, మట్టిలో ఎన్నేళ్లయినా పడి ఉంటుంది, నేల తిరగబడి వాన పడితే లేస్తుంది. వేలెడంత ఎత్తున, ఎన్నో. కోడలు నాకంటే ముందు చూసి ఆ కుప్ప దగ్గరికి పోయి, చీర కుచ్చిళ్లు పైకెత్తి పట్టుకుని వంగి, "అత్తా, వీటిలో ఏదత్తా మామయ్యది?" అని అడిగింది. పేరు కూడా పెట్టని బిడ్డ నా కొడుక్కి మేనమామ, ఈ పిల్లకూ మామయ్య అవుతాడని అంతవరకు నాకు తట్టలేదు. అన్నీ ఒకటే మాదిరి ఉన్నాయి. నేను ఆ మొలక చూశాను, ఈ మొలక చూశాను, చివరికి ఆమె ముఖం చూశాను.

"అదో, అది" అని ఒకదాన్ని చూపించాను.